ల్యాబ్ బరువు తగ్గాలంటే ఒక డబ్బా చాలు

ఈ ఎపిసోడ్‌లో లావెక్కిన ల్యాబ్రడార్ గురించి మాట్లాడుకుందాం. "బొద్దుగా ముద్దొస్తోంది" అంటాం కదా. కానీ 2002లో వచ్చిన ఒక పరిశోధన చూడండి. 48 ల్యాబ్‌లలో సగానికి 25 శాతం తక్కువ తిండి పెట్టారు. అవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి.

పక్కటెముకల మీద చెయ్యి పెట్టండి. గట్టిగా నొక్కితేగానీ తగలట్లేదా? బరువు ఎక్కువే. ముందు డాక్టర్‌కి చూపించండి, థైరాయిడ్ సమస్య కూడా కావచ్చు.

నేను ఇంజనీర్‌ని కదా, లెక్కతోనే చెప్తా. ఇప్పుడు 36 కిలోలు, ఉండాల్సింది 30 అనుకుందాం. లెక్క 30కే వెయ్యాలి. అంటే రోజుకి సుమారు 900 కేలరీలు. చిరుతిళ్లు అందులోనే, 90 దాటకూడదు.

అసలు చిక్కు ఇంట్లోనే ఉంది. అమ్మ పెరుగన్నం పెడుతుంది, తాతయ్య టీలో బిస్కెట్ ముంచి పెడతారు. ఎవరికి వాళ్లు కొంచెమే పెట్టామనుకుంటారు. అందుకే పొద్దున్నే రోజు మొత్తం తిండి కాటాలో తూచి ఒక డబ్బాలో పెట్టండి. ఎవరు పెట్టినా అందులోంచే. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే.

మరీ అడిగితే కీరా ముక్క ఇవ్వండి. పస్తులు మాత్రం పెట్టొద్దు. వారానికి 400 నుంచి 700 గ్రాములు తగ్గితే చాలు. ఉంటా మరి!