మూడు వందలల్ల శరదృతువు

ఫోన్‌లో 'ఆటమ్ డెకరేషన్' అని కొట్టి చూడండి. ఎర్రటి మేపుల్ ఆకులు, తలుపు ముందు నారింజ రంగు గుమ్మడికాయలు, గడ్డి మోపులు కనిపిస్తయి. గడ్డి మోపులకైతే మన దగ్గర కరువు లేదు గానీ, మిగతావి ఎక్కడి నుంచి తేవాలె? అసలు ఆటమ్‌ని 'ఆకురాలు కాలం' అని తెలుగు చేసుకోవడంలోనే తేడా ఉంది. మన దగ్గర ఆకు రాలేది శిశిరంలో, అంటే సంక్రాంతి దాటినంక. ఆశ్వయుజ, కార్తికాలు మనకు పూల నెలలు. వాన వెనక్కి తగ్గి, చెరువులు నిండి, గట్ల మీద గునుగు తెల్లగా ఊగే కాలం.

ఇదంతా నాకు ఎందుకు పట్టిందంటే, పోయిన దసరాకు మా అక్క పెళ్లయినంక మొదటి బతుకమ్మకు ఇంటికొచ్చింది. బావ, వాళ్ల అమ్మానాన్న సద్దుల రోజు వస్తమన్నరు. మాది బోధన్ దాటినంక నిజాంసాగర్ కాలువ కింద ఊరు. ఆగస్టు వానలకు మా సోయా మునిగింది. పెళ్లి అప్పు ఇంకా తీరలేదు. ఇల్లు ముస్తాబు చేద్దామంటే అమ్మ "ఈ ఏడు ఏం వద్దు తియ్యి బిడ్డా, మామిడాకులు కడితే చాలు" అన్నది. ఆ మాట అనేటప్పుడు నా దిక్కు చూడలేదు. నా దగ్గర మెస్ డబ్బుల్లో మిగిలిన మూడు వందలు ఉన్నయి. ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ బంతిపూల తోరణం ఒక్కటే మూడు వందల యాభై. అట్ల మొదలైంది.

ముందు గునుగు సంగతి. మన బతుకమ్మకు ఒళ్లంతా ఇదే కదా. కానీ రైతుకు గునుగు ఒక కలుపు మొక్క. మక్క, సోయా చేన్లలో కలుపు మందు కొడుతున్నప్పటి నుంచి చేన్లల్ల కనిపించడం తగ్గింది. చెరువు కట్టలు, బీడు భూములు, కాలువ గట్లే దిక్కు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది, గునుగుకు మాత్రం ఏ హోదా రాలేదు, పాపం.

అలంకరణకు గునుగు ఎందుకు మంచిదంటే, అది చెట్టు మీదున్నప్పుడే సగం ఎండిన కాగితం లాగ ఉంటుంది. పువ్వులో నీరు తక్కువ, అందుకే ఎండినా ముడుచుకుపోదు. కాడ పొడుగ్గా ఉంచి కోసి, పది పదిహేను కలిపి దారంతో కట్టి, తల కిందికి చేసి నీడలో వేలాడదీయాలె. ఎండలో పెడితే గులాబీ రంగు వెలిసిపోతుంది. వారం పది రోజుల్లో కాడలు గట్టిపడతయి. రంగు కావాలంటే మన ఆడవాళ్లు బతుకమ్మకు చేసినట్టే: వేడి నీళ్లలో రంగు పొడి కలిపి, పూల కొసలు ముంచి, విదిలించి ఆరబెట్టడమే. కాడ తడవొద్దు, బూజు పడుతది. నేను సగం కట్టలకే రంగు వేసిన. రంగు వేయనివే బాగున్నయని మా అక్క తీర్పు. నాకూ అదే అనిపించింది గానీ పైకి ఒప్పుకోలేదు.

రెండోది వరి. నిజాంసాగర్ ప్రాజెక్టును మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన్రు. ఆ నీళ్లతోనే ఈ దిక్కు చెరకు పండింది, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డది. ఇప్పుడు ఎటు చూసినా వరే. వర్ని, కోటగిరి వైపు దసరా అటూ ఇటుగా కోతలు మొదలైతయి. అంటే శరత్కాలానికి బంగారు రంగు కావాలంటే ఇంటి ముందే ఉంది.

గుడి మండపాల్లో, పాత ఇళ్ల వసారాల్లో పిచ్చుకల కోసం వేలాడదీసే వరి కంకుల కుచ్చు చూసే ఉంటరు. దానికి కంకి పసుపు తిరిగి, కాడ ఇంకా కొంచెం పచ్చిగా ఉన్నప్పుడు కోయాలె. మరీ పండితే అల్లేటప్పుడు గింజ రాలుతది. ఇంకో చిక్కు, ఇప్పుడు కోతంతా మిషన్‌తోనే. మిషన్ దిగిందంటే కంకి దొరకదు. ఒక రోజు ముందే వెళ్లి, మిషన్ అందుకోలేని గట్టు మూలల్లో కొడవలితో కోసుకోవాలె. రైతును అడిగి కోయండి, మా బాపు పొలమే అయినా నేను అడిగే కోసిన. ఇప్పటి వరి రకాలకు కాడ పొట్టి కాబట్టి నానమ్మలు అల్లినంత పెద్ద జాలరు రాదు. యాభై కాడలు తడి గుడ్డలో రాత్రంతా చుట్టి పెడితే పొద్దుటికి మెత్తబడతయి. మూడు కాడల్ని జడలాగ అల్లుతూ, ప్రతి మలుపుకూ ఒక కొత్త కాడ కలుపుకుంటూ పోవాలె, కంకులన్నీ ఒకే పక్కకు వేలాడేటట్టు. జడ మూరెడు అయినంక రెండు కొసలు కలిపి సుతిలితో కడితే గుండ్రటి కుచ్చు తయారు.

మొదటి కుచ్చు మా లేగదూడ తిన్నది. అందనంత ఎత్తులో కట్టాలని అప్పుడు తెలిసింది. దీపాలకు దూరంగా కూడా కట్టాలె, ఎండిన వరికి నిప్పు అంటితే ఆపడం కష్టం.

మక్క కంకి మీది పొట్టుతో పూలు చేయడం మెక్సికో నుంచి తూర్పు యూరప్ దాకా ఉన్న పనే. మన దగ్గర అది పశువులకు పోతది, లేకుంటే కాలబెడతరు. లోపలి పలుచటి పొరలు తీసి, గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నానబెడితే బట్టలాగ వంగుతయి. రెక్కలుగా కత్తిరించి, పుల్ల చుట్టూ ఒకటొకటి పేర్చి దారం బిగించడమే. రంగుకు మన నిజామాబాద్ పసుపు ఉండనే ఉంది. పసుపు నీళ్లలో ఉడికిస్తే పచ్చటి పువ్వు. అదే నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే ఎరుపు. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఇండికేటర్ గురించి చదివినం కదా, కర్కుమిన్ క్షారంలో ఎర్రబడుతది, అంతే. పెళ్లిళ్లలో పారాణి రహస్యం ఇదే. సున్నం ముట్టేటప్పుడు చేతులు జాగ్రత్త. పసుపు రంగు ఎండకు నిలవదు కాబట్టి ఈ పూలు ఇంటి లోపలికే.

బంతిపూల దండ అల్లింది కొనొద్దు, విడి పూలు కొని ఇంట్ల గుచ్చండి. సద్దుల ముందురోజు ధర మండిపోతది, రెండు రోజుల ముందే తెచ్చి తడి గుడ్డ మీద పరిస్తే ఆగుతయి. ప్లాస్టిక్ కవర్లో ఉంచితే మాత్రం కుళ్లుడే. పండుగైనంక ఎండిన దండను పారేయకుండా విత్తనాలు తీసి పెట్టుకుంటే తొలకరికి చల్లుకోవచ్చు. హైబ్రిడ్ పూలైతే అదే పువ్వు రాకపోవచ్చు, ఏదో ఒక బంతి మాత్రం వస్తది.

మహారాష్ట్ర పక్కనే కాబట్టి మా దిక్కు దీపావళికి ఆకాశ కందిళ్లు కూడా కడతరు. వెదురు పుల్లలు, పతంగి కాగితం, లోపల చిన్న ఎల్ఈడీ బల్బు. అది దసరాకే చేసి పెట్టిన.

లెక్క చెప్తా: సుతిలి నలభై, రంగులు ముప్పై, పతంగి కాగితం నలభై, బంతిపూలు నూట ఇరవై. మొత్తం రెండు వందల ముప్పై. మిగిలిన డెబ్బైతో గాజులు కొనిస్తే, అమ్మ ముందు తిట్టింది, తర్వాత వేసుకున్నది.

సద్దుల రోజు బావ వాళ్ల అమ్మ వసారాలో నిలబడి వరి కుచ్చు కంకులను చేత్తో నిమిరింది. "మా ఇంటి ముందు కూడా కట్టేవాళ్లం, ఎవరు అల్లిన్రు?" అని అడిగింది. అమ్మ నా పేరు చెప్పింది, ఈసారి నా దిక్కే చూసింది. పోయేటప్పుడు అక్క ఒక కుచ్చు, రెండు గునుగు కట్టలు పాత పేపర్లో చుట్టుకొని బస్సెక్కింది.

మిగిలిన వాటి సంగతి: మక్క పూలను వేపాకు వేసి డబ్బాలో పెట్టిన, పురుగు పట్టదు. వరి కుచ్చు కార్తికం దాకా ఉంది, ఆ తర్వాత పిచ్చుకలు ఖాళీ చేసినయి. గునుగు కట్టల నుంచి నల్లటి సన్న గింజలు రాలితే చేన్లోకి పోకుండా పెరట్ల గోడ పక్కన చల్లిన. ఈ జూన్‌లో మొలకలు వచ్చినయి, అమ్మ కలుపు అనుకొని సగం పీకేసింది.