చెప్పుకోలేని బాధకు వేళే మందు

భద్రాచలం: తాడిచెట్టు మీది నుంచి పడిన మనిషిని చూడటానికి ఊరంతా వస్తుంది. కాళ్ళు కదులుతున్నాయా అని అడుగుతుంది. మళ్ళీ నడుస్తావులే అని ధైర్యం చెప్పి వెళుతుంది. దొడ్డికి ఎలా పోతున్నావని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా ఆ మనిషి చెప్పడు. నడుం కింద స్పర్శ పోయిన వారి ఇళ్ళలో పగలూ రాత్రీ నలిగే సమస్య అదే. సిగ్గుపడవలసిన విషయం కాదు గనుక ఇక్కడ సూటిగానే రాస్తున్నాం.

ఖమ్మం మైదానం దాటి అడవి మొదలయ్యే పల్లెల్లో వెన్ను విరగడానికి కారణాలు అందరికీ తెలిసినవే. తాళ్ళెక్కే గీత కార్మికులు జారి పడతారు. అడవిలో జీలుగు చెట్టెక్కేవారు, చింతకాయ దులపడానికి కొమ్మెక్కేవారు పడతారు. ట్రాక్టర్లు బోల్తా కొడతాయి. చెట్టెక్కేవారి రక్షణ కోసం 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇక పడకుండా ఉండటానికి అవి పనికొస్తాయి. ఇదివరకే పడి మంచం పట్టినవారి మాటేమిటి?

తిండి మానుకున్న మనిషి

ఈ విలేకరి పెద్దమ్మ కొడుకు కల్లు గీసేవాడు. ఒక వేసవి పొద్దున చెట్టు మీది నుంచి పడ్డాడు. వెన్ను మధ్యభాగంలో దెబ్బ తగిలింది. ఒక పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. కుట్లు విప్పారు, మందులు రాసిచ్చారు, మూత్రానికి గొట్టం పెట్టి ఇంటికి పంపారు. దొడ్డి సంగతి ఎవరూ చెప్పలేదు. అడగాలని ఇంట్లో వారికీ తోచలేదు.

ఇంటికొచ్చాక అయిదారు రోజులు ఏమీ ఉండేది కాదు. తర్వాత ఏ అర్ధరాత్రో, చుట్టాలు కూర్చుని ఉండగానో పక్క పాడయ్యేది. అతనికి తెలిసేది కాదు. వాసన వచ్చాకే తెలిసేది. వదిన లేచి గుడ్డలు మార్చేది. ఆరు నెలల్లో ఆమె నడుం వంగిపోయింది. అతను తిండి తగ్గించేశాడు. ఎందుకన్నా అంటే, "తింటేనే గదా తమ్మీ వచ్చేది. తినకుంటే మీ వదినకి చాకిరీ తప్పుద్ది" అన్నాడు.

ఇలా తిండి, నీళ్ళు మానుకునే వారు ప్రతి మండలంలోనూ ఉన్నారు. దానివల్ల మేలు జరగదు. నీళ్ళు తగ్గితే మలం రాయిలా గట్టిపడుతుంది. ఒళ్ళు చిక్కిపోతే పిరుదుల ఎముకల మీద పుండ్లు పడతాయి. ఆ పుండులోకి మలం చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

పేగు రెండు రకాలు

పేగుకు రోగం లేదు. అది తన పని తాను చేస్తూనే ఉంటుంది. కబురు మోసే వెన్నుపాము తెగింది గనుక నిండిందన్న కబురు తలకు చేరదు, ఆపమన్న ఆజ్ఞ కిందికి దిగదు. అయితే దెబ్బ ఎక్కడ తగిలిందన్న దాన్నిబట్టి ఇది రెండు రకాలుగా ఉంటుంది. ఏ రకమో తెలియకుండా ఒకరి పద్ధతి మరొకరు పాటిస్తే పని జరగదు.

వెన్నుపాము తోక దాకా ఉండదు. నడుం పైభాగంలోనే ముగుస్తుంది. దానికి పైన, అంటే వీపు, మెడ భాగాల్లో దెబ్బ తగిలితే మలద్వారం బిగువుగా ఉంటుంది. పేగుకు తనంతట తాను స్పందించే గుణం మిగిలి ఉంటుంది. వేలితో మెల్లగా తాకితేనో, బిళ్ళ పెడితేనో పేగు ముడుచుకుని మలాన్ని బయటికి నెడుతుంది. వీరికి మలం మెత్తగా, ఆకారం చెడకుండా ఉండటం మంచిది. రోజూ గానీ, రోజు విడిచి రోజు గానీ చేసుకుంటే సరిపోతుంది.

వెన్నుపాము చివర, అంతకు కింద నరాల దగ్గర దెబ్బ తగిలితే మలద్వారం వదులుగా ఉంటుంది. వేలితో తాకినా, బిళ్ళ పెట్టినా స్పందన పెద్దగా ఉండదు. దగ్గినా, లేచి కూర్చోబెట్టినా కొద్దికొద్దిగా జారుతుంది. వీరికి మలం కాస్త గట్టిగా ఉండాలి. తొడుగు వేసుకున్న వేలితో రోజుకు ఒకసారో రెండుసార్లో తీసేయడమే మార్గం.

ఏ రకమో డాక్టరు వేలితో పరీక్షించి చెప్పగలడు. ఒక్క నిమిషం పని. దెబ్బ తగిలిన తొలి వారాల్లో అందరికీ వదులుగానే ఉండవచ్చు గనుక కొన్నాళ్ళయ్యాక మళ్ళీ చూపించుకోవాలి.

వేళ ఎవరికి అనుకూలం?

భోజనం చేసినా, వేడి టీ తాగినా కడుపు నిండిన కబురుతో పెద్దపేగు కదులుతుంది. ఇది వెన్ను దెబ్బ తిన్నవారిలోనూ ఎంతో కొంత మిగిలి ఉంటుంది. అందుకే తిన్న అరగంటకు కూర్చోవాలని చెబుతారు. రోజూ అదే వేళకు కూర్చుంటే పేగుకు అలవాటవుతుంది. అలవాటైన పేగు మిగతా వేళల్లో జోలికి రాదు.

పొద్దుటి వేళా, సాయంత్రం వేళా అన్నది ఇంటిని చూసి నిర్ణయించుకోవాలి. పై చెప్పిన ఇంట్లో మొదట పొద్దున్నే పెట్టుకున్నారు. ఏప్రిల్, మే వచ్చేసరికి వదిన కోడికూతకే తునికాకుకు పోవాలి. మిరప కోతలప్పుడూ అంతే. ఆమె ఆదరాబాదరాగా ముగించి పోతే మధ్యాహ్నం మళ్ళీ పక్క పాడయ్యేది. చివరికి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. రాత్రి అన్నం తిన్నాక, రోజు విడిచి రోజు అని పెట్టుకున్నారు. ఆ మాట అన్నది అతనే. రాత్రి కడుపు ఖాళీ అయితే మర్నాడు పొద్దంతా బండి మీద కూర్చుని బజారుకు పోవచ్చన్నది అతని లెక్క.

ఒకసారి పెట్టుకున్న పద్ధతిని రెండు రోజులకే మార్చకూడదు. కనీసం మూడు నుంచి అయిదు సార్లు చూడాలి. మార్చినా ఒక్కొక్కటే మార్చాలి. వేళ, మందు, తిండి మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో తెలియదు. గోడ మీది కేలండరులో ఏ వేళకు, ఎంతసేపు, ఎలా అయిందో గీత పెట్టుకుంటే డాక్టరుకు చూపడానికీ పనికొస్తుంది.

చేసే తీరు

కూర్చోగలిగిన వారు కూర్చుని చేసుకోవడమే మేలు. బరువు కిందికే పోతుంది గనుక సులువవుతుంది. కమోడు కుర్చీ కొనలేకపోతే వడ్రంగి చేత గట్టి కుర్చీకి మధ్యలో రంధ్రం కోయించి, చుట్టూ స్పాంజి వేసి రెక్సిను కుట్టించుకోవచ్చు. ఉత్త చెక్క మీద కూర్చోకూడదు. స్పర్శ లేదు గనుక ఒరుసుకుపోయినా తెలియదు. లేచాక అద్దం పెట్టి పిరుదులు చూసుకోవాలి. కూర్చోలేని వారు ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి.

ముందుగా పొట్టను కుడివైపు కింది నుంచి పైకి, అడ్డంగా ఎడమకు, అక్కడి నుంచి కిందికి అరచేత్తో నెమ్మదిగా రుద్దాలి. పెద్దపేగు దారి అదే. గోళ్ళు కత్తిరించుకుని, రబ్బరు తొడుగు వేసుకుని, వేలికి జెల్లీ రాసుకోవాలి. నూనె రాస్తే రబ్బరు తొడుగు దెబ్బ తింటుంది. అడ్డంగా మలం ఉంటే ముందు దాన్ని తీసేయాలి. బిళ్ళ వాడేవారు దాన్ని మలంలో గుచ్చకూడదు, పేగు గోడకు ఆనేలా పెట్టాలి. మలద్వారం బిగువుగా ఉన్నవారు వేలిని లోపల పదిహేను, ఇరవై సెకన్లు మెల్లగా గుండ్రంగా తిప్పి ఆగాలి. అయిదు, పది నిమిషాలు చూసి మళ్ళీ చేయాలి. మొత్తం పని గంట దాటుతుంటే పద్ధతిలో ఏదో మార్చాలని అర్థం.

భేది మందులు ఇష్టం వచ్చినట్టు మింగకూడదు. సునాముఖి మన ఊళ్ళలో తెలిసిందే, డాక్టర్లూ ఇస్తారు. ఎనిమిది నుంచి పన్నెండు గంటలకు పనిచేస్తుంది గనుక దాన్ని వేళకు కలపాలి. ఎంత వేసుకోవాలో డాక్టరే చెప్పాలి. సబ్బునీళ్ళ ఎనిమా రోజువారీ అలవాటు చేసుకోకూడదు. పేగు లోపలి పొర దెబ్బ తింటుంది.

తిండిలో జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, జామపండు ఉంటే చాలు. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, కొద్దికొద్దిగా పెంచాలి. నీళ్ళు ఎన్ని తాగాలో మూత్రం పద్ధతిని బట్టి డాక్టరును అడగాలి.

జాగ్రత్త పడవలసినవి

నాలుగైదు రోజులు ఏమీ కాక, తర్వాత నీళ్ళలా కారుతుంటే విరేచనాలనుకుని మాత్ర మింగేస్తారు. చాలాసార్లు అది విరేచనం కాదు. లోపల గట్టిపడిన మలం అడ్డుపడితే దాని పక్కల నుంచి నీరు జారుతుంది. మాత్ర మింగితే ఇంకా బిగుస్తుంది. ముందు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఛాతీ మధ్య ఎత్తులో, అంతకు పైన వెన్ను దెబ్బ తిన్నవారికి మరో ప్రమాదం ఉంది. పేగు నిండినా, వేలు పెట్టినా, మూత్రం గొట్టం మూసుకున్నా రక్తపోటు ఒక్కసారిగా పెరగవచ్చు. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, తల, మెడ చెమట పట్టడం దాని గుర్తులు. వెంటనే చేస్తున్న పని ఆపాలి. నిటారుగా కూర్చోబెట్టాలి. బిగుతు బట్టలు వదులు చేయాలి. మూత్రం గొట్టం మడత పడిందేమో చూడాలి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి. ప్రతిసారీ రక్తం కనిపిస్తున్నా డాక్టరుకు చూపాలి.

ఎంత చేసినా అదుపులోకి రాని వారికి పేగులోకి నీరు పంపి కడిగే పరికరం, పొట్ట మీద దారి చేసి సంచి తగిలించే ఆపరేషను వంటివి పెద్దాసుపత్రుల్లో ఉన్నాయి. సంచి పెట్టుకోవడం ఓటమి కాదు. కొందరికి అదే హాయి.

ఒక్క మన పల్లెల బాధ కాదు

2004లో అమెరికాలో వెన్ను దెబ్బ తిన్న 681 మందిని మీకు ఏది బాగైతే బతుకు మెరుగవుతుందని అడిగారు. చేతులు పడిపోయినవారు, కాళ్ళు పడిపోయినవారు ఇరువురూ ముఖ్యమని చెప్పిన వాటిలో మలమూత్రాల అదుపు ఉంది. మన దేశంలో ఈ వైద్యానికి దారి వేసినవారిలో డాక్టర్ మేరీ వర్గీస్ ఒకరు. వేలూరులో పనిచేస్తుండగా 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమె కాళ్ళు పడిపోయాయి. చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ఏర్పడటానికి కారకులయ్యారు. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆమెకూ ప్రతి పొద్దూ ఈ పని ఉండే ఉంటుంది కదా!

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వెన్ను దెబ్బతో కాళ్ళు పడిపోయినవారు అందులోకి వస్తారు. ధ్రువపత్రం తీసుకుంటే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. రాష్ట్రంలో ఈ పింఛను 2023లో నెలకు 3,016 నుంచి 4,016 రూపాయలకు పెరిగింది. చక్రాల కుర్చీల వంటి పరికరాలు ఇచ్చే కేంద్ర పథకం 1981 నుంచి ఉంది.

అయితే తొడుగులు, జెల్లీ, బిళ్ళలు నెలనెలా కొనాలి. చర్ల, దుమ్ముగూడెం, గుండాల లోపలి గూడేలవారు వాటికోసం పట్నం దాకా రావాలంటే ఒక కూలి పోతుంది. ఇవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరికేలా చూడాలి. ఆశా కార్యకర్తలకు ఈ పని నేర్పాలి. అన్నిటికంటే ముందు, వెన్ను దెబ్బ తిన్న మనిషిని ఇంటికి పంపే ముందు అతనికీ, ఇంట్లో ఒకరికీ ఈ పద్ధతి చేసి చూపించాలి. అరగంట పని అది. అధికారులు ఆలోచించాలి.

పెద్దమ్మ కొడుకు ఇప్పుడు తన పని తానే చేసుకుంటున్నాడు. చేతులు బాగున్నాయి గనుక నేర్చుకున్నాడు. వదిన కుర్చీ జరిపి, నీళ్ళు పెట్టి బయటికి వస్తుంది. తలుపు అతనే వేసుకుంటాడు. మొన్న మేనకోడలి పెళ్ళికి భద్రాచలం వచ్చి, పొద్దుటి నుంచి తలంబ్రాల దాకా పందిట్లోనే కూర్చున్నాడు. బంతిలో అందరితోపాటు కడుపునిండా తిన్నాడు. రెండోసారి అన్నం అడిగి మరీ వేయించుకున్నాడు.