803 అంకె ఒక్కటే చాలదు

తాడేపల్లిగూడేనికి 2015లో నిట్ వచ్చింది. గూడెంలో నెట్‌వర్క్ ప్రాజెక్టులు చేసే పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మాస్టారూ, రాస్ప్‌బెర్రీ పై 3లో మానిటర్ మోడ్ ఎందుకు రావట్లేదండి?"

మానిటర్ మోడ్ అంటే తనకు ఉద్దేశించనివి సహా గాల్లోని వైఫై ఫ్రేములన్నింటినీ అడాప్టర్ పట్టి చూపే పద్ధతి. తప్పు వాళ్లు ఇచ్చిన కమాండ్‌ది కాదు. జవాబు 24, 14 అనే రెండు అంకెల్లో ఉంది.

గాల్లో వచ్చే మామూలు వైఫై డేటా ఫ్రేముకు ముందు కనీసం 24 బైట్ల హెడర్ ఉంటుంది. ఎవరు పంపారు, ఎవరికి పంపారు, ఏ రౌటర్ మీదుగా వచ్చింది అన్నీ అందులోనే. పై 3లోని బ్రాడ్‌కామ్ చిప్‌కు సొంత చిన్న ప్రాసెసర్ ఉంది. దాన్ని నడిపే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. అది ఆ 24 బైట్లను తీసేసి, 14 బైట్ల ఈథర్‌నెట్ హెడర్ తగిలించి లినక్స్‌కు అందిస్తుంది. మనకు సంబంధించని ఫ్రేములను అక్కడే పారేస్తుంది. పైనున్న డ్రైవర్‌కు అసలు ఫ్రేము కనిపించనే కనిపించదు. ఫర్మ్‌వేర్ ఇవ్వనిదాన్ని డ్రైవర్ ఎక్కణ్నుంచి తెస్తుంది?

అందుకే డ్రైవర్ ముందుగా ఫర్మ్‌వేర్‌నే అడగాలి. ఈ చిప్‌లను నడిపే బ్రాకమ్‌ఎఫ్‌మ్యాక్ డ్రైవర్‌కు 2018లో ఆ పని నేర్పారు. చిప్ మొదలవగానే "నీకేం వచ్చు?" అని అడిగితే ఫర్మ్‌వేర్ కొన్ని మాటల వరుస పంపుతుంది. అందులో 'మానిటర్' ఉంటే ఆ సదుపాయం ఉన్నట్టు. 'ఆర్‌ట్యాప్' కూడా ఉంటే ప్రతి ఫ్రేముకూ ముందు రేడియోట్యాప్ హెడర్ వస్తుంది. సిగ్నల్ బలం, ఛానెల్ లాంటి వివరాలు అందులో ఉంటాయి. ఇక్కడో చిక్కుంది. రౌటర్లలో వాడే 43602, 4366 చిప్‌ల ఫర్మ్‌వేర్లలో కొన్నింటికి పని వచ్చు గానీ, ఆ మాట చెప్పవు. వాటి వెర్షన్ గుర్తులను డ్రైవర్‌లోనే రాసి పెట్టాల్సి వచ్చింది. అంటే ఫర్మ్‌వేర్ చెప్పే మాట కూడా పూర్తి రుజువు కాదు.

మీ దగ్గరున్న అడాప్టర్ సంగతి తేల్చుకోవాలంటే ముందు 'ఐడబ్ల్యూ లిస్ట్' కొట్టి, మోడ్‌ల జాబితాలో మానిటర్ ఉందో లేదో చూడండి. ఉంటే ఆ మోడ్‌లోకి మార్చి, సిస్ ఫోల్డర్ కింద ఆ ఇంటర్‌ఫేస్ పేరుతో ఉన్న చోట 'టైప్' అనే ఫైలు తెరవండి. మామూలప్పుడు అందులో 1 ఉంటుంది. రేడియోట్యాప్‌తో మానిటర్ మోడ్‌లో ఉంటే 803. చాలామంది ఇక్కడే సంబరపడి ఆగిపోతారు. కానీ 803 అంటే కెర్నెల్ ఒప్పుకుందని మాత్రమే.

అసలు పరీక్ష పట్టుబడిన ఫ్రేములను లెక్కపెట్టడం. మీ రౌటర్‌ను 6వ ఛానెల్లో, అంటే 2437 మెగాహెర్ట్జ్‌లో పెట్టండి. అడాప్టర్‌నూ అక్కడే నిలపండి. రౌటర్లు సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకో బీకన్ (తమ ఉనికిని చాటే ఫ్రేము) పంపుతాయి. అంటే 10 సెకన్లకు 97 లేదా 98. కొన్ని తప్పిపోయినా ఫర్వాలేదు, సున్నా వస్తే మాత్రం ఆ ఫర్మ్‌వేర్‌ను నమ్మొద్దు. అయితే బీకన్లు అందరికీ పంపేవి. కాబట్టి మీ ఫోన్లో ఓ వీడియో పెట్టి, ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య తిరిగే డేటా ఫ్రేములు పడుతున్నాయా చూడండి. అవి మన అడాప్టర్‌కు ఉద్దేశించినవి కావు. అవి పడితేనే నిజమైన మానిటర్ మోడ్.

పై 3 విషయానికొస్తే, జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫర్మ్‌వేర్‌నే సవరించి నెక్స్‌మాన్‌ను తయారుచేశారు. దాంతో అదే చిప్‌లో మానిటర్ మోడ్ పనిచేస్తుంది. వేసే ముందు పాత ఫర్మ్‌వేర్ ఫైలును భద్రంగా దాచుకోండి.

ఈ పరీక్షలన్నీ మీ సొంత రౌటర్, సొంత ఫోన్ మీదే చేయండి. హాస్టల్లో పక్కగది వైఫై జోలికి పోవద్దు. అనుమతి లేకుండా దురుద్దేశంతో ఇతరుల నెట్‌వర్క్‌లోకి చొరబడితే, 2000 నాటి ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.