పది రోజుల కార్డు, పదేళ్ల సూది

విశాఖలో షిప్పు ఎక్కబోయే కుర్రాడి సంచిలో పాస్‌పోర్టు, నావికుల గుర్తింపు పుస్తకం సీడీసీ, సర్టిఫికెట్ల ఫైలుతో పాటు పల్చటి పసుపుపచ్చ పుస్తకం ఒకటి ఉంటుంది. పోర్టు హెల్త్ ఆఫీసులో ఎల్లో ఫీవర్ టీకా వేసి, బ్యాచ్ నంబరు రాసి, ముద్ర కొట్టి ఇచ్చే కార్డు అది. ఆ తేదీల గడిలో ఒక మెలిక ఉంది. సూది వేసిన రోజు నుంచి కార్డు చెల్లదు. పది రోజులు గడిచాకే చెల్లుతుంది. రేపు ఫ్లైటు, ఇవాళ వేసేయండి సార్ అని బతిమాలితే సూది పడుతుంది గానీ కార్డుకు ప్రాణం రాదు.

అదే ఊళ్లో స్టీల్ ప్లాంటు ఉన్న కూర్మన్నపాలెం వైపు వెళ్తే ఇంకో సూది కథ. రేకు గీసుకున్నా, మేకు దిగినా, ఉక్కునగరంలో ఎవరైనా ముందు అడిగేది ధనుర్వాతం టీకా గురించే: ‘టీటీ వేయించుకున్నావా?’ పోయినేడాదే వేయించుకున్నానన్నా వినరు. పోర్టులో వేసిన సూది జీవితాంతానికి ఒకటి, ప్లాంటు దగ్గరిది దెబ్బకొకటి. రెండూ టీకాలే. మరి ఒకదాన్ని ఒళ్లు అంతకాలం గుర్తుపెట్టుకుని, రెండోదాన్ని ఇట్టే మర్చిపోతుందా? లెక్క వేసి చూస్తే సంగతి వేరుగా ఉంది.

ముందు పసుపు కార్డు సంగతి. 1927లో ఇప్పటి ఘనా దేశంలో అసిబీ అనే మనిషికి ఎల్లో ఫీవర్ వచ్చింది. ఆయన బతికి బయటపడ్డాడు. ఆయన రక్తంలో దొరికిన వైరస్‌ను మాక్స్ థైలర్ బృందం ప్రయోగశాలలో కోడిపిండాల కణజాలంలో వందకు పైగా సార్లు పెంచి పెంచి నీరసపరిచింది. 1937లో తయారైన ఆ 17డి రకమే నేటికీ ప్రపంచమంతా వాడే టీకా. థైలర్‌కు 1951లో నోబెల్ వచ్చింది. పోర్టు దగ్గర మన కుర్రాడి చేతిలోకి ఎక్కేది అసిబీ వైరస్ సంతతే.

ఇది బతికున్న వైరస్. ఒంట్లోకి వెళ్లి కొన్ని రోజులు పెరుగుతుంది. వారం లోపే రక్తంలో కనిపిస్తుంది, ఈలోగా యాంటీబాడీలు మొదలవుతాయి, వైరస్ పట్టిన కణాలను చంపే టి-కణాలు రెండో వారం చివరికి ఉధృతంగా పెరుగుతాయి. పదో రోజుకు నూటికి 80 నుంచి 100 మందికి రక్షణ వస్తుందనీ, 30 రోజులకు 99 శాతం దాటుతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కార్డులోని పది రోజుల గడువు అక్కడి నుంచి వచ్చింది, ఏ గుమాస్తా పెట్టిందో కాదు. మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు. దాన్ని మోసే ఏడిస్ దోమ మాత్రం విశాఖలో ఏ కుండీలో చూసినా దొరుకుతుంది, డెంగీ తెచ్చేది కూడా అదే. కార్డు విషయంలో అంత పట్టుదల అందుకే.

ఈ టీకా మోతాదు అర మిల్లీలీటరు. 2016లో కాంగో రాజధాని కిన్షాసాలో వ్యాధి కమ్ముకొచ్చింది, టీకా నిల్వలు చాలలేదు. మోతాదులో అయిదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరు చొప్పున లక్షల మందికి వేశారు. అంతకుముందు రక్షణ లేనివాళ్లలో 98 శాతం మందికి నెలలోపు యాంటీబాడీలు వచ్చాయి. విత్తనం వేసేటప్పుడు పిడికెడు తగ్గినా మొలకెత్తితే చాలు, మిగతా పని అదే చేసుకుంటుంది. టీటీలో ఉన్నది విత్తనం కాదు, వండిన అన్నం. పెట్టినంతే ఉంటుంది.

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నవాళ్ల టి-కణాలు ఏమవుతున్నాయో తేల్చిన బృందంలో ఇద్దరు మనకు దగ్గరివాళ్లు. రఫీ అహ్మద్ హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో టీకా కేంద్రాన్ని నడిపిన శాస్త్రవేత్త. ఆయన బృందం 2017లో ‘నేచర్’లో ప్రచురించిన పరిశోధనకు మొదటి రచయిత రమా ఆకొండి. టీకా వేయించుకున్న వలంటీర్లకు భారజలం తాగించారు. కణం రెండుగా చీలేటప్పుడు ఆ బరువు హైడ్రోజన్ దాని డీఎన్ఏలో చేరి గుర్తుగా మిగులుతుంది. మొదటి రెండు వారాల్లో గబగబా చీలిన కణాలే తర్వాత జ్ఞాపక కణాలుగా మిగిలాయని తేలింది. ఆ తర్వాత వాటి నడక ఎంత నెమ్మదంటే, రెట్టింపు కావడానికి 450 రోజులకు పైగా పడుతుంది. ఏడాదికి ఒకసారి కూడా చీలవు. పదిహేను రోజులు పరుగెత్తి, మిగతా జన్మంతా కూర్చుని కాపలా కాసే రకం.

ఈ పరిశోధన అచ్చయ్యేనాటికే పదేళ్లకోసారి మళ్లీ సూది అనే పాత నియమం పోయింది. 2016 జులై 11 నుంచి కార్డు జీవితాంతం చెల్లుతుంది. పదేళ్లు అని ముద్ర ఉన్న పాత కార్డులకూ అదే వర్తిస్తుంది, మళ్లీ వెళ్లి ముద్ర వేయించుకోనక్కర్లేదు.

ఇక ధనుర్వాతం. ఇందులో వైరస్ లేదు. మట్టిలో నిద్రపోయే బ్యాక్టీరియా గాయంలో మేల్కొని విషం తయారుచేస్తుంది. చంపేది ఆ విషమే. తుప్పు మేకు అని భయపడతాం గానీ తప్పు తుప్పుది కాదు, మేకుకు అంటిన మట్టిది. ఆ విషం ఎంత చిటికెడంటే, మనిషిని చంపడానికి సరిపడా మోతాదు కూడా రోగనిరోధక వ్యవస్థను లేపడానికి చాలదు. అందుకే ధనుర్వాతం వచ్చి బతికినవాళ్లకు కూడా మళ్లీ టీకా వేయాల్సిందే. సూదిలో ఉండేది విరుగుడు చేసిన విషం. దాన్ని పటిక జాతి అల్యూమినియం లవణానికి అంటించి పంపిస్తేనే ఒళ్లు గమనిస్తుంది.

దాని జ్ఞాపకం ఎంతకాలం? 2007లో అమెరికాలోని ఓరెగాన్‌లో 45 మంది రక్తాన్ని ఏళ్ల తరబడి, కొందరిది 26 ఏళ్ల దాకా, చూసి కట్టిన లెక్క ఇది: యాంటీబాడీలు సగానికి తగ్గడానికి ధనుర్వాతానికి 11 ఏళ్లు, డిఫ్తీరియాకు 19, అమ్మవారు పోయడం అనే చికెన్‌పాక్స్‌కు 50, తట్టుకు 200 ఏళ్ల పైమాట. ఆ పరిశోధన చేసినవారిలో ఒకరైన మార్క్ స్లిఫ్కా రఫీ అహ్మద్ శిష్యుడే. ఎముక మూలుగలో కూర్చుని ఏళ్ల తరబడి యాంటీబాడీలు వదిలే ప్లాస్మా కణాలను ఈ గురుశిష్యులే 1990ల్లో ఎలుకల్లో చూపించారు.

పదకొండేళ్లంటే తక్కువగా వినిపిస్తుంది. కాగితం మీద పెడదాం. పదహారో ఏట బూస్టరు తర్వాత మిల్లీలీటరు రక్తంలో 1 యూనిట్ ఉందనుకోండి. పదకొండేళ్లకు 0.5, ఇరవై రెండేళ్లకు 0.25, నలభై నాలుగేళ్లకు 0.06. రక్షణకు కనీసమని చెప్పే గీత 0.01. ఆ గీత కిందికి జారడానికి దాదాపు 73 ఏళ్లు. అప్పటికి ఆ మనిషికి 89. ఇది సగటు లెక్కే, అందరి ఒళ్లూ ఒకలా ఉండదు. అయినా దెబ్బకో సూది అవసరమయ్యేంత మతిమరుపు మాత్రం ఇక్కడ లేదు.

మరి ఆ అలవాటు తప్పా? ఒక తరానికి కాదు. 1990లో ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ‘గోదావరి’ వెలిగినప్పుడు ముప్పై ఏళ్లున్న కార్మికుడు 1960లో పుట్టినవాడు. దేశంలో పిల్లల టీకాల కార్యక్రమం మొదలైంది 1978లో. అతని ఒంట్లో పునాది లేదు. పునాది లేనివాడికి దెబ్బ తగిలాక వేసే మొదటి సూది దాదాపు దండగ: రోగం బయటపడేది 3 నుంచి 21 రోజుల్లో, మొదటి సూది నుంచి సరైన రక్షణ రావడానికి నాలుగు వారాల తర్వాత రెండోది కూడా పడాలి. అలాంటివాళ్ల మురికి గాయానికి రెడీమేడ్ యాంటీబాడీలు, అంటే ఇమ్యునోగ్లోబ్యులిన్, కావాలి. పునాది ఉన్నవాడికైతే జ్ఞాపక కణాలు కొద్ది రోజుల్లోనే లేస్తాయి. దెబ్బ తర్వాతి టీటీ పనిచేసేది చిన్నప్పటి సూదుల చలవతోనే.

అతని భార్య పరిస్థితి నయం. గర్భిణిగా ఉన్నప్పుడు రెండు టీటీలు పడేవి. ఆమె యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరి, బొడ్డు మానేదాకా కాపాడేవి. నవజాత శిశువుల ధనుర్వాతాన్ని ప్రతి జిల్లాలో వెయ్యి జననాలకు ఒకటి కన్నా తక్కువకు దించిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశే, 2003లో. దేశం మొత్తానికి 2015 దాకా పట్టింది.

ఎంత బలం, ఎంతకాలం అన్న ఈ రెండు ప్రశ్నల్ని కలిపేయకూడదని చూపింది కొవిడ్ టీకా కొవాగ్జిన్. 2020 జులైలో దాని తొలి పరీక్షలకు ఐసీఎంఆర్ ఎంచిన 12 ఆస్పత్రుల్లో మన విశాఖ కేజీహెచ్ ఒకటి. మూడో దశలో 25,798 మంది పాల్గొంటే, టీకా పడ్డవాళ్లలో 24 మందికి, పడనివాళ్లలో 106 మందికి కొవిడ్ వచ్చింది. సామర్థ్యం 77.8 శాతం అన్నారు. సరైన లెక్కే. కానీ అది కొన్ని నెలల లెక్క. అందులో ఏళ్లు లేవు.

మళ్లీ ధనుర్వాతానికి వస్తే, 1985 తర్వాత పుట్టినవాళ్లకు కార్డు ప్రకారం అన్నీ పడి ఉంటే సూదులు ఏడు: 6, 10, 14 వారాలకు, ఏడాదిన్నరకు, అయిదేళ్లకు, పదికి, పదహారుకు. ఆరు పడితే పెద్దయ్యాక కూడా రక్షణ ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చెప్పింది. చిక్కల్లా గాయానికి కుట్లు వేసే డాక్టరు అడిగినప్పుడు వస్తుంది. పోర్టువాడి దగ్గర ముద్ర వేసిన పుస్తకం ఉంది. ప్లాంటువాడి దగ్గర చీటీ కూడా లేదు. తెలియనప్పుడు డాక్టరు సూది వేయడమే సరైన పని.

మా ఇంట్లో బీరువా అడుగున మావాడి టీకా కార్డు ఉంది, ప్లాస్టిక్ కవర్లో. అయిదేళ్ల గడి దాకా తేదీలు నీలం ఇంకుతో ఉన్నాయి. వాడికిప్పుడు ఇరవై రెండు. పదేళ్లు, పదహారేళ్లు అన్న రెండు గడులూ ఖాళీ. వేయించామో, వేయించి రాయించలేదో, మా ఆవిడకూ నాకూ ఇప్పటికీ ఒక మాట కుదరలేదు.