కంఠములోని కంతి

1887వ సంవత్సరారంభమున జర్మను యువరాజగు ఫ్రెడరికు కంఠము బొంగురువోయెను. జర్మను వైద్యులు రాచపుండని శంకించి, మెడను వెలుపలనుండి కోసి కంతిని తీయ నిశ్చయించిరి. ఆంగ్లవైద్యుడు మెకంజీ కంతినుండి చిన్నముక్క తీయగా, ఆచార్య వీర్కో దానిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, రాచపుండు లక్షణములు గానరావనెను. కోత నిలిచిపోయెను. 1888 మార్చిలో సింహాసనమెక్కిన యాతడు 99 దినములే చక్రవర్తిగా నుండి, జూన్ 15న ఆ రోగముచేతనే మరణించెను. పిమ్మట ఉభయదేశముల వైద్యులును పరస్పరము దూషించుకొనిరి; అది వేఱుకథ. ముక్కలో లేనిదానిని సూక్ష్మదర్శిని చూపజాలదు గదా!

స్వరపేటికలోని దుష్టవ్రణములలో నూటికి 90కి పైగా పైపొరనుండి పుట్టు రాచపుండ్లే. పొగాకు, మద్యము వీనికి ముఖ్యకారణములు. చుట్టకాల్చు మనవారికిది క్రొత్తవార్త కాదు. మిగిలిన కొలదిపాటి వానియందే నిజమైన చిక్కు గలదు. కాండ్రోసార్కోమా యనునది తఱచుగా ఉంగరమువంటి క్రికాయిడు మృదులాస్థిలో బయలుదేఱి, ఏండ్లతరబడి మెల్లగా పెరుగును. దానిమీది పొర నున్నగానుండును గావున పైపైని గిల్లిన ముక్కలో నేమియు గానరాదు. సి.టి. చిత్రమున సున్నపు చుక్కలతో గూడిన గడ్డ కనబడినచో లోతునుండి ముక్క తీయవలయును. గ్రాన్యులర్ సెల్ కంతి దీనికి విపరీతము. అది సాధారణముగా సాధువైనదే. కాని దానిమీది పొర దళసరియై అచ్చముగా రాచపుండువలె గానవచ్చును. అడుగుభాగమును చూడని పరీక్షకుడు నిరపరాధికి శిక్ష వ్రాసినట్లగును. పారాగాంగ్లియోమా నెత్తుటినాళముల ముద్ద. ముందుగా చిత్రము తీయక ముక్క తీయబోయినచో రక్తము వెల్లువగును. న్యూరోఎండోక్రైన్ కార్సినోమా యను దుష్టవ్రణము సూక్ష్మదర్శినిలో దానినే పోలియుండును. ప్రత్యేక రంజనపరీక్షలవలనగాని వీనిని వేఱుపరుప వీలులేదు.

ఇది పండితుల వాదమునకు మాత్రమే పనికివచ్చు భేదము గాదు. 1873లో వియన్నాలో బిల్‌రోతు రాచపుండునకై మొదటిసారి స్వరపేటికను సంపూర్ణముగా తొలగించెను. నేటికిని ఆ కోత ప్రాణము నిలుపును గాని సహజస్వరమును హరించును. రోగి మెడయందలి రంధ్రముగుండ ఊపిరి తీయవలయును. ముదిరిన రాచపుండునకు ఆ మూల్యము పలుమాఱు తప్పదు. గ్రాన్యులర్ సెల్ కంతికన్ననో, నోటిగుండ పనిముట్లు పంపి కంతిని మాత్రము కోసివేసిన చాలును. కాండ్రోసార్కోమా కిరణచికిత్సకు అంతగా లొంగదు; అయినను మెల్లగా పెరుగుదానిని కంతివఱకే కోసి, మరల తలయెత్తినచో మరల కోసి, స్వరపేటికను నిలుపుటయే నిపుణులలో పెక్కండ్ర పద్ధతి. క్రికాయిడు చాలభాగము చెడినప్పుడే పూర్తి కోత.

మూడువారములు దాటిన బొంగురును జలుబని సరిపుచ్చుకొనరాదు. అట్లే, స్వరపేటిక తీయవలెనని విన్న రోగి, ముక్క నతికించిన గాజుపలకను వేఱొక నిపుణునకు చూపుడని యడుగుటకు సంకోచింపరాదు. అందులకు రోగి ప్రయాణము చేయనక్కరలేదు, పలకయే పోవును, కొలదిదినముల పని. ఊపిరాడనివానికి మాత్రము మొదట శ్వాసమార్గమును కల్పించి, పిదప పలక మాట చూడవలయును.