శిలాశాసనము నుండి బ్లాగు వరకు: రాయచూరు తెలుగువారి స్వీయలేఖనము

రాయచూరు కోట పడమటి గోడయందు 40 అడుగులకు మించిన నిడివిగల రాతిపలక యొకటి కలదు. క్రీ. శ. 1294వ సంవత్సరమున ఆ కోట కట్టబడిన వృత్తాంతము దానిపై తెలుగున చెక్కబడినది. ఆ మహాశిలను దున్నపోతులు బండిపై లాగికొని వచ్చుచున్న దృశ్యమును గూడ అచటనే గీతలుగా మలచిరి. కోట కట్టించినవారి పేర్లు నేటికిని నిలిచియున్నవి. బండి తోలినవాడు మాత్రము పేరులేని బొమ్మగా మిగిలెను. అట్టి సామాన్యునకు తన కథను తానే లోకమునకు చెప్పుకొను సాధనము ఏడు శతాబ్దముల పిమ్మట గాని లభింపలేదు. ఆ సాధనమే బ్లాగు.

ఒక వ్యక్తి తన యనుభవములను, అభిప్రాయములను తేదీలతో వ్రాసి అంతర్జాలమున నుంచు పుటకు బ్లాగని పేరు. అందలి ఒక్కొక్క రచనను తెలుగువారు టపా యందురు. ఈ విధమైన రచన మనకు పూర్తిగా క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో కాశీయాత్ర చేయుచు, మార్గవిశేషములను తన మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ళకు వ్రాసి పంపుచుండెను. ఆ రచన 1838లో గాని అచ్చు కాలేదు. నేడు బ్లాగరి వ్రాసినది వ్రాసిన గడియలోనే పాఠకునకు చేరుచున్నది.

వెబ్‌లాగ్ అను మాట 1997లో పుట్టి, 1999లో బ్లాగుగా కుదించబడెను. ఆ యేటనే బ్లాగర్ అను సేవ ప్రారంభమయ్యెను. యూనికోడు నందు తెలుగునకు 1991 నుండియు స్థానమున్నను, ఇంటింటి కంప్యూటరులో తెలుగు వ్రాయుట చాలకాలము కష్టసాధ్యముగనే యుండెను. 2006లో వెలసిన లేఖిని ఆ చిక్కును తొలగించెను. కూడలి వంటి సంకలినులు చెదరియున్న బ్లాగులను ఒకచోట చూపెను. సంపాదకుని యనుమతియు, ముద్రణవ్యయమును లేకయే గృహిణులు, ఉద్యోగులు, విశ్రాంత ఉపాధ్యాయులు రచయితలైరి.

ఈ సాధనముతో రాయచూరు జిల్లా తెలుగువారికి ప్రత్యేక ప్రయోజనము కలదు. 1953లో తుంగభద్ర జలాశయము పూర్తియైన పిమ్మట, ఎడమకాలువ నీటిని నమ్ముకొని కోస్తా రైతులు పలువురు సింధనూరు, మాన్వి ప్రాంతములకు వలస వచ్చి, భూములు కొని, ‘క్యాంపులు’ అను పల్లెలను నిర్మించుకొనిరి. ఎకరముల లెక్క రెవెన్యూ దస్త్రములందు దొరకును. కాని నల్లరేగడిని చదును చేసి మడులు కట్టిన శ్రమయు, కన్నడిగులైన ఇరుగుపొరుగువారితో క్రమముగా కలిసిన తీరును వృద్ధుల జ్ఞాపకములందే యున్నవి. ఆ తరము తరిగిపోవుచున్నది. కన్నడమున చదువుకొన్న మనుమలలో తెలుగు మాటలాడియు తెలుగు చదువలేనివారు కలరు. యూనికోడున తెలుగు, కన్నడ అక్షరములు సమాంతరమైన వరుసలలో అమర్పబడి యున్నందున, ఒక లిపినుండి మరియొక లిపికి మార్చుట సులభము. తాత చెప్పినదానిని మనుమడు కన్నడలిపిలో వ్రాసినను, అది తెలుగులిపిలో గుంటూరు బంధువునకు చేరగలదు.

అయినను బ్లాగునకు ఆయుర్దాయము నిశ్చయము కాదు. ఫేస్‌బుక్, వాట్సాప్‌ల రాకతో పలువురు బ్లాగరులు పొట్టివ్రాతలకు మరలిరి. అవి నాలుగు దినములలో మరుగున పడును. సేవను నడుపు సంస్థ మూతవేసినచో వ్రాతయు మాయమగును. 2009లో జియోసిటీస్, 2019లో గూగుల్ ప్లస్ అట్లే ముగిసినవి. రాయి ఏడు శతాబ్దములు నిలిచినది. అంతర్జాలపుట పదియేండ్లైనను నిలుచునను హామీ లేదు.

కావున వ్రాయుట యెంత ముఖ్యమో భద్రపరచుటయు అంత ముఖ్యము. ప్రతి టపాకు తేదీని, ఊరిపేరును చేర్చుట, నకలును వేరొకచోట దాచుట, ఏటేట కొన్నింటిని అచ్చువేసి గ్రంథాలయమున నుంచుట తెలుగు సంఘములు సులభముగా చేయదగిన పనులు. అట్లు చేసినచో రాబోవు తరమునకు బండి తోలినవాని పేరు కూడ తెలియగలదు.