దైవకృప, సత్కార్యాలు: క్రైస్తవుల దృక్పథం

మానవుడు ఏ ఉద్దేశంతో సృష్టించబడ్డాడు? అతని పరలోక సాఫల్యానికి దేవుని కారుణ్యం ఆధారమా, అతని ఆచరణ ఆధారమా? ఈ ప్రశ్నలకు క్రైస్తవులిచ్చే సమాధానాన్ని గురించి ముస్లిముల్లో ఒక అభిప్రాయం ప్రచారంలో వుంది. ఏసును నమ్మితే చాలు, ఆపైన ఏమి చేసినా ఫరవాలేదన్నదే వారి మతసారమని చాలామంది అనుకుంటారు. ఈ అభిప్రాయం సరైనది కాదు. ఇతరుల విశ్వాసాన్ని విమర్శించదలచినవారు, ముందుగా వారు దాన్ని ఎలా చెప్పుకుంటున్నారో తెలుసుకోవాలి. విరోధుల విషయంలో సైతం న్యాయం తప్పరాదని దివ్య ఖుర్ఆన్ ఆదేశించి వుండగా, ఇరుగుపొరుగువారి విషయంలో ఇది మరింత అవసరం.

పౌలు, యాకోబు

క్రైస్తవ పరిభాషలో 'కృప' అంటే మానవుడు సంపాదించుకోనిది, అతనికి అర్హత లేకపోయినా దేవుడు ప్రసాదించేది. పౌలు పేరిట వున్న ఎఫెసీయుల పత్రిక, రక్షణ కృపవల్ల, విశ్వాసం ద్వారా కలుగుతుందే గాని క్రియలవల్ల కాదని చెబుతుంది. కాని ఆ వెంటనే, విశ్వాసులు సత్కార్యాలు చేయడానికే సృష్టించబడ్డారని కూడా చెబుతుంది. మొదటి మాటను పట్టుకొని రెండవదాన్ని వదలివేస్తే పై అపోహ కలుగుతుంది.

యాకోబు పత్రిక మరింత గట్టిగా, క్రియలు లేని విశ్వాసం నిర్జీవమని ప్రకటిస్తుంది. గమనించదగిన విషయమేమంటే, పౌలూ యాకోబూ ఇద్దరూ హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) జీవితాన్నే ఉదాహరణగా తీసుకున్నారు. సున్తీకి పూర్వమే ఆయన విశ్వాసం నీతిగా ఎంచబడిందని పౌలు వాదం. కుమారుణ్ణి బలి ఇవ్వడానికి సిద్ధపడినప్పుడే ఆ విశ్వాసం పరిపూర్ణమైందని యాకోబు వాదం.

చర్చిలో వివాదాలు

ఈ రెండు వాదాలను సమన్వయపరచడంలో చర్చి శతాబ్దాల తరబడి సతమతమైంది. ఐదవ శతాబ్దారంభంలో పెలాజియస్ అనే సన్యాసి, మానవుడు తన ఇచ్ఛాశక్తితో దైవాజ్ఞలను పాటించగలడని బోధించాడు. ఉత్తర ఆఫ్రికాకు చెందిన అగస్టీన్ దీన్ని తీవ్రంగా ఖండించాడు. ఆదాము పాపం వల్ల మానవ స్వభావమే చెడిపోయిందనీ, కృప తోడు లేనిదే మంచిని కోరుకోవడం కూడా అతనికి సాధ్యం కాదనీ ఆయన సిద్ధాంతం. 418లో కార్తేజ్ మహాసభ పెలాజియస్ బోధను తిరస్కరించింది.

1517లో జర్మనీలో మార్టిన్ లూథర్, పాపశిక్ష తగ్గింపు పత్రాల అమ్మకాన్ని నిరసిస్తూ ఉద్యమం లేవదీశాడు. మానవుడు విశ్వాసం ద్వారా మాత్రమే నీతిమంతుడుగా తీర్చబడతాడని ఆయన బోధ. అయితే ఆయన సత్కార్యాలను త్రోసిపుచ్చలేదు. మంచి చెట్టుకు మంచి పండ్లు కాసినట్లే నిజమైన విశ్వాసం నుండి సత్కార్యాలు వెలువడతాయనీ, చెప్పులు కుట్టేవాని పని సైతం దేవుడప్పగించిన పనేననీ ఆయన ఉద్దేశం. కేథలిక్కుల ట్రెంట్ మహాసభ 1547లో 'విశ్వాసం మాత్రమే' అన్న బోధను ఖండించింది. కాని అదే నిర్ణయంలో, కృప లేకుండా కేవలం క్రియలతో నీతిమంతుడు కావచ్చునన్న వాదాన్ని కూడా ఖండించింది.

1999లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కేథలిక్ చర్చి జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. దేవుడు కృపవల్లనే మానవుణ్ణి అంగీకరిస్తాడనీ, సత్కార్యాలు దానికి ఫలితాలనీ ఉభయులూ అంగీకరించారు. గుంటూరు కేంద్రంగా గల ఆంధ్ర ఇవాంజలికల్ లూథరన్ చర్చి ఆ సమాఖ్యలో సభ్యురాలు. కనుక ఈ చర్చ తెలుగువారికి దూరమైనదేమీ కాదు.

అసలు భేదం ఎక్కడ?

కారుణ్యం అవసరమన్న విషయంలో ఇస్లాంకు భిన్నాభిప్రాయం లేదు. ఎవరినీ వారి కర్మలు మాత్రమే స్వర్గంలో ప్రవేశపెట్టలేవనీ, అల్లాహ్ కారుణ్యం ఆవరించనిదే తనకు సైతం అది సాధ్యం కాదనీ దైవప్రవక్త ముహమ్మద్ (స) సెలవిచ్చినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో వుంది. మరోవైపు ఖుర్ఆన్, విశ్వాసాన్నీ సత్కార్యాలనూ పదేపదే జంటగా పేర్కొంటుంది. స్వర్గం కర్మలకు ప్రతిఫలమని కూడా చెబుతుంది. కర్మలు స్వర్గానికి కారణాలే గాని దాని ధర కావని పండితులు ఈ రెండింటినీ సమన్వయపరచారు.

జీవిత లక్ష్యం విషయంలోనూ కొంత సామీప్యం వుంది. దేవుని మహిమపరచి శాశ్వతంగా ఆయనయందు ఆనందించడమే మానవుని పరమోద్దేశమని 1647 నాటి వెస్ట్‌మినిస్టర్ ప్రశ్నోత్తరి బోధిస్తుంది. దైవారాధన కొరకే జిన్నులూ మానవులూ సృష్టించబడ్డారని ఖుర్ఆన్ ప్రకటిస్తుంది.

భేదమంతా కారుణ్యం లభించే మార్గంలో వుంది. మానవుడు పాపస్వభావంతో పుడతాడనీ, సిలువపై ఏసు మరణమే దానికి ప్రాయశ్చిత్తమనీ క్రైస్తవుల నమ్మకం. ఆదం (అలైహిస్సలాం) పశ్చాత్తాపాన్ని అల్లాహ్ నేరుగా స్వీకరించాడనీ, ఒకరి భారాన్ని మరొకరు మోయరనీ, ప్రతి శిశువూ శుద్ధ ప్రకృతితోనే జన్మిస్తుందనీ ఇస్లాం బోధ. తౌబా ద్వారం మధ్యవర్తి లేకుండానే ప్రతి దాసునికీ తెరచి వుంది.

కాబట్టి క్రైస్తవ సోదరులతో సంభాషించేటప్పుడు, వారు సత్కార్యాలను లెక్కచేయరని నిందించడం అన్యాయమే కాక నిష్ప్రయోజనం కూడా. వారు కాదనే మాటను వారికి అంటగట్టితే సంభాషణ అక్కడితోనే ఆగిపోతుంది. పాపం, ప్రాయశ్చిత్తం, పశ్చాత్తాపం అన్న అసలు విషయాలను వారి ముందుంచినప్పుడే అది ముందుకు సాగుతుంది.